గోడ దిగిన నివురు తెగ

ఆ ఆట మొదలైనప్పుడు ఆమె కొత్త కోడలు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది బల్ల మీద కంచాలన్నీ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, కాగితాలూ పెన్సిళ్ళూ రకరకాల ముఖాలున్న పాచికలూ పరిచాడు. "వదినా, నువ్వూ కూర్చో. ఊరికే చూస్తూ ఉంటే మజా ఉండదు," అన్నాడు.

ఆ ఆటలో గెలవడాలూ ఓడడాలూ లేవు. మరిది ఒక కథ చెబుతాడు. కోటలు, కొండదారులు, యుద్ధాలు, మంత్రాలు. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళు ఒక్కొక్కరూ ఆ కథలో ఒక్కో మనిషి. తన మనిషి ఎటు వెళ్తాడో, ఎవరితో ఏమంటాడో ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి. తలపెట్టిన పని అవుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. పెద్దవాళ్ళు ఆడుకునే బొమ్మలాట అనుకోవచ్చు.

ఆమె కూర్చునేసరికి మంచి వేషాలన్నీ అయిపోయాయి. భర్త కోట దళపతి. తోటికోడలు విలుకత్తె. తోటికోడలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది, రోజంతా పక్క సీట్లో కూర్చుని ఎవరెవరి ప్రాణాలో కాపాడుతుంది కాబట్టి ఆదివారమైనా నాలుగు ప్రాణాలు తియ్యాలనిపిస్తుందట. మరిది స్నేహితుడు బేకరీ ఆయన మంత్రగాడు. చుక్కలుండగానే లేచి రొట్టెలు కాల్చే మనిషి, ఆట మధ్యలో కునుకు తీస్తాడు. తట్టి లేపితే ఉలిక్కిపడి "నిప్పుల వాన!" అని అరుస్తాడు. ఎదురుగా శత్రువున్నా, దారి చెబుతున్న ముసలమ్మ ఉన్నా అదే మంత్రం.

మిగిలింది నివురు తెగ.

"అది తీసుకోకు. ఆ తెగని ఎవరూ నమ్మరు. ఎక్కడికెళ్ళినా ఛీ కొడతారు," అన్నాడు భర్త.

"అసలెవరు వాళ్ళు?" అని ఆమె మరిదిని అడిగింది.

మరిది చెప్పాడు. నివురు తెగ ఒకప్పుడు రాజుగారి కావలి సైన్యం. కత్తి పట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. తరతరాలుగా కోటగోడ మీద నిలబడి కాపలా కాశారు. ఒకరోజు తెగ తెగంతా ఆయుధాలు గోడ మీద పెట్టేసి దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోట పడింది, రాజు చచ్చిపోయాడు. చచ్చిపోతూ శపించాడు. మీరు తలదాచుకున్న ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకోకుండా పోవాలి అని. అప్పట్నుంచి వాళ్ళ చేతుల మీద బూడిదరంగు మచ్చలొచ్చాయి. వాళ్ళు పడుకున్న ఇంట్లో నిప్పు ఆరిపోతుంది. యుద్ధమొస్తే అందరూ వాళ్ళకోసమే కబురు పెడతారు. అయిపోగానే గుమ్మం బయట నుంచే సాగనంపుతారు.

"ఎందుకు దిగిపోయారు?"

"అది నేను రాయలేదు. నువ్వే ఎప్పుడైనా చెప్పు," అన్నాడు మరిది.

ఆమె ఆ తెగనే తీసుకుంది.  ఆడుతుంటే ఆమెకు ఎక్కడా తడుముకోవలసిన పని పడలేదు. మిగతావాళ్ళు సత్రంలో పడుకుంటే ఆమె మనిషి బయట గోడకి చేరగిలబడి నిద్రపోయేది. ఊళ్ళో వాళ్ళు తలుపులేసుకుంటే కోప్పడేది కాదు, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడేది. పోట్లాట వచ్చినప్పుడు అందరికంటే ముందుండేది. "మా వదిన ఇంట్లో నోరు విప్పదు కానీ, ఆటలో చూడండి," అని మరిది అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

కొన్నేళ్ళు గడిచాక ఆమె భర్తని వదిలేసింది.

వదిలేసింది అనే అన్నారు అందరూ. కొట్టాడా అని అడిగారు. లేదంది. తాగుతాడా? లేదు. ఇంకెవరైనా ఉన్నారా? లేరు. మరి?  ఆయన మంచివాడే. వీధిలో కనిపించిన వాళ్ళందరినీ నిలబెట్టి క్షేమసమాచారాలు అడిగేవాడు. స్నేహితుల దగ్గర కడుపుబ్బ నవ్వించేవాడు. ఇంటికొచ్చి తలుపేశాక మాత్రం ఆయనకి మాటలన్నీ అయిపోయేవి. ఆమె పక్కన కూర్చుంటే లేచి వెళ్ళేవాడు కాడు, అలాగని ఆమె అక్కడున్నట్టూ చూసేవాడు కాడు. దీన్ని ఎవరికి చెప్పి ఏమని ఒప్పించాలి? చివరికి ఎవరడిగినా "కుదర్లేదు" అని ఊరుకునేది. ఊరుకునేకొద్దీ అందరికీ ఆమె మీదే అనుమానం పెరిగింది.

సామాన్లు పంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. బట్టలు ఉతికే మిషను ఆయనకి, ఫ్రిజ్జు ఈమెకి. ఆదివారం ఆట దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయారు. "నువ్వే వెళ్ళు. నాకంత సరదా ఏం లేదు," అన్నాడాయన. ఆయన తనకిచ్చిన వాటిల్లో అన్నిటికన్నా పెద్దది అదేనని ఆమెకు ఆ తర్వాత తెలిసింది. మరిది కథలో దళపతిని ఉత్తర దేశానికి రాయబారం పంపించేశాడు. "దూరం కదా, రావడానికి చాలా కాలం పడుతుంది," అని ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. రోజంతా ముట్టుకునేది మనుషుల్నే. భుజం సరిచేస్తుంది, గడ్డం పైకెత్తుతుంది, వణికే మోకాలి కింద దిండు పెడుతుంది. అన్నీ అమర్చాక సీసం గోడ వెనక్కి వెళ్ళి, చిన్న అద్దంలోంచి చూస్తూ "ఊపిరి బిగబట్టండి" అంటుంది. లోపలున్న మనిషి ఆమె మాట విని బిగబడతాడు. రోజంతా ఆమె మాట్లాడే మాటల్లో అవే ఎక్కువ. సాయంత్రం తన గదికి వస్తుంది. కింద బట్టలు కుట్టే దుకాణం, పైన ఈమె గది. మామూలు రోజుల్లో కింద నుంచి మిషన్ల చప్పుడు వస్తూ నేల సన్నగా అదురుతుంటుంది. ఆదివారం అదీ ఉండదు.

అందుకే ఆదివారం అయ్యేసరికి ఆమె బస్సెక్కి మరిది ఇంటికి వెళ్ళేది.

వెళ్ళిన ప్రతిసారీ మర్యాద పెరుగుతూ వచ్చింది. అదే ఆమెకు మింగుడుపడేది కాదు. ఇదివరకు "అక్కా, ఆ టీ ఏదో నువ్వే పెట్టు, నాకు ఓపిక లేదు" అనే తోటికోడలు ఇప్పుడు "మీరు కూర్చోండి, నేను తెస్తాను" అనేది. ఇదివరకు ఏ కప్పు దొరికితే అందులో ఆమె తాగేది. ఇప్పుడు ఆమెకు సాసరు కూడా వచ్చేది. బేకరీ ఆయన తెచ్చిన బిస్కెట్లు ముందు ఆమె వైపే జరిగేవి. చుట్టాన్ని చూసినట్టు చూసేవాళ్ళు. ఆట మొదలయ్యాక మాత్రం అందరూ మామూలైపోయేవారు. నివురు మనిషిని నివురు మనిషిలాగే తిట్టేవాళ్ళు. ఆ తిట్లు వింటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

ఆ నెలల్లో కథ ఒక కోట దగ్గర ఆగింది. చుట్టూ శత్రువులు, లోపల వీళ్ళు. నివురు మనిషికి లోపల చోటిస్తే పొయ్యిలారిపోతాయి కాబట్టి కప్పు లేని బురుజు మీద పడక ఇచ్చారు. ఒక ఆదివారం మరిది ఒక్కొక్కరినీ వంటింట్లోకి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె వెళ్తే, "నీకేం లేదు వదినా. ఏదో చెప్పినట్టు తలూపి వెళ్ళిపో," అన్నాడు. ఆమె గంభీరంగా తలూపి వచ్చి కూర్చుంది.

ఆ పై వారం కోటలో ద్రోహం జరిగింది. పెద్ద తలుపులో ఉండే చిన్న తలుపు, దిడ్డి, ఎవరో లోపల నుంచి గడియ తీశారు. శత్రువులొచ్చి ధాన్యం కొట్లు తగలబెట్టి పోయారు.

"మీలో ఒకరి పనే అది," అని మరిది చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. "ఇక మీరూ మీరూ తేల్చుకోండి."

ఆ రోజు బేకరీ ఆయన కళ్ళు మూయలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఆ వేళప్పుడు బురుజు మీదున్నది ఎవరు?"

"నేనే," అంది ఆమె. "రోజూ నేనే కదా. లోపల చోటెక్కడిచ్చారు నాకు?"

"చూశారా! మనసులో పెట్టుకుంది."

"పెట్టుకోలేదు. ఉన్నమాట చెప్పాను."

"మరి తలుపు తీస్తుంటే ఎందుకు చూడలేదు? నివురు వాళ్ళకి చీమ నడిచినా వినబడుతుందంటారే?"

"నేను బయటికి చూస్తున్నాను. కాపలా అంటే బయటికి చూడడమే. లోపలి వాళ్ళని కాదు కదా చూడాల్సింది."

మంచి జవాబది. మరిది మెచ్చుకోలుగా కనుబొమ్మలెగరేశాడు. కానీ బేకరీ ఆయన వేషంలో బాగా మునిగిపోయాడు. బల్ల మీద అరచేత్తో చరిచి లేచి నిలబడ్డాడు.

"అసలు మీ వాళ్ళు రాజుని ఎందుకు వదిలేశారో ఇంతవరకు ఎవరికైనా చెప్పారా? ఏం తక్కువ చేశాడాయన? తిండి పెట్టాడు, నీడనిచ్చాడు, పల్లెత్తు మాట అని ఎరుగడు. అంత బంగారం లాంటి మనిషిని ఏ కారణమూ లేకుండా వదిలేసి పోయినవాళ్ళు రేపు మమ్మల్ని..."

అక్కడికొచ్చాక ఆయనకి తను ఏమంటున్నాడో తన చెవులకే వినబడింది.  మరిది పాచికలు చేతిలోకి తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. తోటికోడలు బిస్కెట్ల పొట్లం అంచు చింపుతూ కూర్చుంది.

"వదినగారూ, నా ఉద్దేశం అది కాదు. ఆటలో మాట..."

"ఆటలోనే కదా," అంది ఆమె. గొంతు మామూలుగానే వచ్చింది. "కానివ్వండి. చివరికి ఏం చేస్తారు నన్ను?"

మరిది పాచికలు పక్కకి నెట్టి భార్య వైపు తిరిగాడు. "విలుకత్తె ఏమంటుంది?"

తోటికోడలు తలెత్తలేదు. "బయటికి పంపించడమే మంచిదేమో," అంది.

నివురు మనిషి వాదించలేదు. కత్తి తీసుకుని, దిడ్డి తలుపులోంచి వంగి బయటికి వెళ్ళింది. లోపల గడియ పడింది. ఆమె ఆ మాటలన్నీ తనే చెప్పింది, ఎవరూ సాయం చెయ్యక్కర్లేకపోయింది.

గదికి వచ్చి పొద్దున వండింది వేడి చేసుకుంటుంటే అక్క ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఆటకెళ్ళొచ్చాను."

"ఇంకా ఆ ఇంటి గడప తొక్కుతున్నావా? సిగ్గులేదటే నీకు? వదిలేసిన మొగుడి ఇంటికి..."

"ఆయనిల్లు కాదు. తమ్ముడిల్లు."

"ఏదో ఒకటి. వాళ్ళేమనుకుంటారు? కావాలని వదిలేసింది, మళ్ళీ వేలాడుతోంది అనుకోరూ? అయినా నీ సంగతి ఎవరికి అర్థమైంది గనక. అన్నం తిన్నావా?"

"తింటున్నా."

తర్వాత ఆమె గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తింది. కూర్చుని తినాలని గుర్తొచ్చేసరికి గిన్నె ఖాళీ అయింది.

ఆ పై ఆదివారం వెళ్ళాలా వద్దా అని వారమంతా మల్లగుల్లాలు పడింది. ఆమె మనిషి కోట బయట ఉంది, కథంతా లోపల జరుగుతుంది. వెళ్ళినా చెయ్యడానికేం లేదు. అయినా వెళ్ళింది. తలుపు తీసిన తోటికోడలు "వచ్చారా," అంది. ఆ మాటలో ఆశ్చర్యముందో, బరువు దిగినట్టుందో ఆమెకు తెలియలేదు.

చాలాసేపు లోపలి కథే నడిచింది. ధాన్యం లెక్కలు, బావిలో నీళ్ళు, గోడకి పడ్డ బీట. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. బేకరీ ఆయన ఆమె చూపు తప్పించుకుంటున్నాడు. పాపం, ఆ రోజు ఏకంగా రెండు పొట్లాల బిస్కెట్లు తెచ్చాడు.

టీలయ్యాక మరిది ఆమె వైపు తిరిగాడు. "వదినా, నువ్వు బయటున్నావు. ఏం చేస్తున్నావో కాస్త చెప్పు. వినాలనుంది."

"ఏముంటుంది? గోడ పక్కనే ఉన్నా."

"వెళ్ళిపోలేదా?"

"లేదు. రాళ్ళు ఏరి గాలికి అడ్డం పెట్టుకున్నా. ఎండుగడ్డి పరుచుకున్నా. మంట రాజుకోదు కాబట్టి పచ్చి దుంపలే తింటున్నా. లోపల మీరు మాట్లాడుకునేది వినిపిస్తుంది, మాటలు తెలియవు. గొంతులు మాత్రం తెలుస్తాయి. ఇది మంత్రగాడు, ఇది విలుకత్తె అని."

బేకరీ ఆయన మెల్లగా అడిగాడు. ఈసారి వేషంలో అడగలేదు, మామూలుగా అడిగాడు. "వాళ్ళు... మీ తెగవాళ్ళు ఎందుకు దిగిపోయారు?"

ఆమె బల్ల మీదున్న పాచికని చేతిలోకి తీసుకుంది. ముందుగా అనుకున్నదేమీ లేదు. నోరు తెరిచాక మాటలు వాటంతటవే వచ్చాయి.

"రాజు చెడ్డవాడు కాదు. అందరూ అదే అడుగుతారు, ఏం చేశాడని. ఏం చెయ్యలేదు. తిండి పంపించేవాడు. చలికాలం కంబళ్ళు పంపించేవాడు. గోడ ఎత్తుగా ఉంటుంది, మెట్లుంటాయి. కింద తోటలో రాజు రోజూ తిరిగేవాడు. తోటమాలితో మాట్లాడేవాడు, వంటవాళ్ళతో నవ్వేవాడు. అదంతా పై నుంచి మాకు వినబడేది. ఏదో ఒకరోజు మెట్లెక్కి వస్తాడనుకునేవాళ్ళం. మా తాతలు అనుకున్నారు, మా అమ్మలు అనుకున్నారు. ఒకసారి మాలో ఒకామె కిందికి వెళ్ళి, తోటలో ఆయనకి ఎదురుగా నిలబడింది. పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. కోపంతో కాదు. అక్కడ చెట్టుంటే చెట్టుని ఎలా తప్పుకుంటామో అలాగ. ఆమె తిరిగి పైకొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరూ ఆమె మొహం చూశారు. పొద్దున్నే దిగిపోయాం."



"చెప్పుకోవచ్చు కదా," అన్నాడు బేకరీ ఆయన.  "ఊళ్ళ వాళ్ళకి చెప్పుకుంటే..."

"ఏమని? రాజు మెట్లెక్కలేదని చెబితే ఎవరు నమ్ముతారు?"

 తోటికోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ కుళాయి చాలాసేపు కారుతూనే ఉంది.

ఆ సాయంత్రం బస్‌స్టాప్ దాకా వస్తానని మరిది చెప్పులేసుకున్నాడు. ఎప్పుడూ లేనిది. దారంతా లిఫ్టుల గురించి మాట్లాడాడు. ఆయన చేసేది లిఫ్టులు బాగుచేసే పని. ఏదో భవనంలో ఒక లిఫ్టు పిలవకుండానే ఏ అంతస్తుకి పడితే ఆ అంతస్తుకి వెళ్ళి తలుపు తెరుచుకుని నిలబడుతోందట. స్టాప్ దగ్గరికొచ్చాక మాటలు అయిపోయాయి.

"చెప్పు," అంది ఆమె.

"అన్నయ్య మళ్ళీ ఆటలోకి వస్తానంటున్నాడు వదినా."

"ఊఁ."

"ఒక్కడే కాదు. ఆవిడ కూడా... నీకు తెలిసే ఉంటుంది. పెళ్ళి చేసుకుంటారట. ఆవిడకి ఇలాంటివంటే ఇష్టమట." చెప్పుతో నేల రాస్తూ నిలబడ్డాడు. "నేనేమీ అనలేదు. వదిన ఉంటుంది కదా అన్నాను. దానికేముంది, ఉండనీ అన్నాడు. వాడికేం పట్టదు, నీకు తెలుసుగా."

తెలుసు. ఆమె ఎదురుగా కూర్చుని దళపతి జోకులు వేస్తాడు, అందరూ నవ్వుతారు, చూపు ఆమె మీదుగా అవతలి గోడకి వెళ్తుంది. ఆమె అదంతా ఒక్క క్షణంలో చూసేసింది.

"నేను మానేస్తాలే," అంది.

వద్దు అంటాడేమోనని ఎదురు చూసింది. పెద్దగా కాదు, కొంచెమే. మరిది తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూస్తే జాలేసింది. అన్నని రావద్దనలేడు, ఈమెని రమ్మనలేడు. బస్సు మలుపు తిరిగి వస్తూ కనబడింది.

"వచ్చే వారం ఒక్కసారి వస్తాను. నా మనిషి కథ సగంలో వదిలెయ్యకు. చంపకు కూడా. చంపేస్తే నీకు సులువని తెలుసు."

"ఛ, ఎందుకు చంపుతాను వదినా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడాలనుకుంది. పక్కన కూర్చున్నాయన సంచీ అడ్డమొచ్చింది.

చివరి ఆదివారం వాన పడుతోంది. లోపలికి వెళ్ళగానే అందరికీ విషయం తెలుసని ఆమెకు అర్థమైంది. బేకరీ ఆయన ఆ రోజు బిస్కెట్లు కాదు, కేకు తెచ్చాడు. దాని మీద ఏం రాయాలో తోచక ఏమీ రాయకుండా తెచ్చానన్నాడు. కేకు అలాగే పెట్టెలో ఉండిపోయింది.

ఆట మొదలై పావుగంట కూడా కాలేదు. మరిది శత్రువుల గుర్రాలు వర్ణిస్తున్నాడు. తోటికోడలు ఉన్నట్టుండి పెన్సిలు బల్ల మీద పడేసింది.

"నేనే," అంది.

"నువ్వేంటి?" అన్నాడు మరిది.

"దిడ్డి తలుపు తీసింది నేనే. విలుకత్తె. మా తమ్ముణ్ణి శత్రువులు పట్టుకున్నారు, తలుపు తీస్తే వదిలేస్తామన్నారు. అందుకు తీశాను. నివురు ఆమె కాదు."

"ఒసేయ్, అది ఇంకో నెల తర్వాత కదా బయటపడాలి! కోట పడిపోయాక!" మరిది రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "కథంతా దాని మీదే ఉంది!"

"ఉంటే ఉండనీ. నావల్ల కాదు. రెండు వారాల నుంచి నిద్ర పట్టట్లేదు నాకు. చెయ్యని పనికి ఆమెని బయటికి తోశాం. నేనే తోశాను. నోరు మూసుకుని కూర్చున్నాను." తోటికోడలు ఈ మాటలు మొగుడితో అంటోంది, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఇప్పుడే తలుపు తియ్యండి. నేనే వెళ్ళి తీస్తాను. పొయ్యిలారిపోతే ఆరిపోనివ్వండి. లోపలికి పిలుస్తున్నాను."

"నేనూ వస్తాను," అన్నాడు మంత్రగాడు.

మరిది పాచికల జోలికి పోలేదు. "సరే," అన్నాడు. "మీరిద్దరూ దిడ్డి గడియ తీశారు. వంగి బయటికి వచ్చారు. అక్కడ..." అని వదిన వైపు చూశాడు. ఆ తర్వాతి మాట ఆమెది.

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. తోటికోడలు నవ్వబోతోంది, అప్పటికే చెయ్యి కొంచెం ముందుకు చాచింది. ఒక్క మాట చాలు. వచ్చాను అంటే చాలు.  వచ్చాను అంటే ఈ పూట గడుస్తుంది. వచ్చే ఆదివారం దళపతి ఉత్తరం నుంచి వస్తాడు.

"అక్కడ గడ్డి పడక ఉంది," అంది. "గాలికి పెట్టిన రాళ్ళున్నాయి. ఆమె లేదు."

"లేదా?"

"పొద్దున్నే వెళ్ళిపోయింది."

"నాకు చెప్పకుండానా?" అన్నాడు మరిది, కథ చెప్పేవాడు, నిజంగానే నొచ్చుకుని.

"నువ్వు గుర్రాల దగ్గరున్నావు కదా."

బేకరీ ఆయన ఒక్కసారి పకపకా నవ్వేశాడు, వెంటనే ఆగిపోయాడు. తోటికోడలు చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. "నేను పిలుస్తాను. అడవిలోకి వినబడేలా అరుస్తాను," అంది.

"వినబడుతుందేమో. ఆమె దూరం వెళ్ళింది."

"కోపంగా వెళ్ళిందా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "లేదు. విలుకత్తె గొంతు గుర్తుపట్టి కాసేపు ఆగింది. తర్వాత నడిచింది."

ఆ రోజు కోటలో యుద్ధం జరగలేదు. వాన తగ్గేదాకా కూర్చున్నారు. బయల్దేరేటప్పుడు తోటికోడలు గుమ్మంలో ఆమెని గట్టిగా పట్టుకుంది.   భుజం మీద ఆ తడి గదికి వెళ్ళేదాకా ఉంది, వానదో ఏడుపుదో.

ఆ తర్వాత ఆదివారాలు మెల్లగా కదిలాయి. మొదటి ఆదివారం ఆమె మధ్యాహ్నమయ్యేసరికి చెప్పులేసుకుని మెట్లు దిగి, వీధి చివరిదాకా వెళ్ళాక, తను బయల్దేరింది ఎక్కడికో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. రెండో వారం ఫ్రిజ్జు మొత్తం కడిగింది. తోటికోడలు ఫోన్ చేసింది. డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఒకాయన చెట్టుకి గుద్దిన సంగతి చెప్పి నవ్వించింది, ఆట ఊసెత్తలేదు. ఈమె అడగలేదు. తర్వాత ఫోన్లు దూరమయ్యాయి. ఎవరి తప్పూ లేదు. ఈమె ఆస్పత్రిలో అడిగి ఆదివారం డ్యూటీ వేయించుకుంది. ఆ రోజు పిల్లాపాపలున్న వాళ్ళెవరూ రారు కాబట్టి పైవాళ్ళు ఎగిరి గంతేశారు.

ఆదివారం క్యాంటీన్‌లో జనం ఉండరు. ఒకరోజు ఆమె తింటుంటే ఫిజియోథెరపీ ఆవిడ పళ్ళెం తెచ్చుకుని, అన్ని బల్లలూ ఖాళీగా ఉన్నా, ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతులు బలంగా ఉండే మనిషి. విరిగిన కాళ్ళని నడిపిస్తుంది. ఎక్స్‌రేలు చూసి ఎవరి ఎముక ఎలా అతుక్కుందో మాట్లాడుకున్నారు. అవి అయిపోయాయి.

"ఆదివారాలు మీరెప్పుడూ ఇక్కడే ఉంటారు. బయట ఏం సరదాలు లేవా?" అంది ఆవిడ.

"ఉండేది ఒకటి. ఒక ఆట ఆడేవాళ్ళం."

"ఏం ఆట?"

చెప్పడం కష్టమే. మొదట తడబడింది, పెద్దవాళ్ళు ఇలాంటివి ఆడతారా అనుకుంటుందేమోనని. ఆవిడ అలా ఏమీ అనుకోలేదు, ముద్ద చేత్తో పట్టుకుని వింది. ఆమె తెగ గురించి చెప్పింది, పొయ్యిలారిపోయే శాపం గురించి చెప్పింది. గోడ మీద కాపలా, గోడ దిగడం, బురుజు, బయట గడ్డి పడక. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం చెప్పలేదు.

"తలుపు తీసేసరికి వెళ్ళిపోయిందా! అయ్యో," అంది ఆవిడ. "ఎక్కడికెళ్ళింది?"

ఆమె నోరు తెరిచింది. ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. అడవి దాటి అని మొదలుపెట్టింది. అడవి దాటితే ఏముంటుంది? "ఒక నది ఉంటుంది," అంది. "దాటించడానికి పడవ వాళ్ళుంటారు కానీ, నివురు మనిషిని చూస్తే..."

అంతలో తలుపు దగ్గర నర్సు కనబడి ఫిజియోథెరపీ ఆవిణ్ణి చేత్తో పిలిచింది. వార్డులో ఎవరో పెద్దాయన మంచం దిగబోయి పడ్డాడట. ఆవిడ లేచి, చెయ్యి గబగబా కడుక్కుని, "ఇప్పుడే వస్తా," అంటూ పరిగెత్తింది.

రాలేదు. ఆమె పళ్ళెం పక్కకి జరిపి చాలాసేపు కూర్చుంది. వంటాయన కుర్చీలు ఎత్తి బల్లల మీద తలకిందులుగా పెడుతున్నాడు, ఆమె బల్లని మాత్రం వదిలేశాడు. ఈదుకుంటూ దాటొచ్చు, కానీ చలికాలం. వంతెన దూరం. అవతలి ఒడ్డున ఎవరైనా ఉంటారా? ఉంటే వాళ్ళకి ఈ తెగ సంగతి తెలుసా? ఆమెకు ఇంకా తేలలేదు.

గంట మోగింది. ఎక్స్‌రే గది బయట ఎవరో వచ్చారు. ఆమె లేచి పళ్ళెం తీసుకెళ్ళి పెట్టేసి పనిలోకి వెళ్ళింది.